గంట ఎవరి చేతిలో ఉంటే

మేడమీద గది, కిటికీ పక్క బల్ల
చీకటి పడకముందు

అన్నయ్యా,

క్షేమమని రాస్తే అబద్ధమవుతుంది, కాదని రాస్తే నువ్వు చేతికర్ర పట్టుకుని బయలుదేరతావు. అందుకని మధ్యస్థంగా రాస్తున్నాను. బతికే ఉన్నాను, వేళకి తింటున్నాను, భయంగా ఉంది.

ఫోను చేద్దామంటే నీకు వినపడదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని వదిన ఊరికే అనదు కదా. ఇప్పుడు గొడవల్లో ఇక్కడ లైన్లు కూడా పోయాయి కాబట్టి నీ చెవులకీ మా తీగలకీ సరికి సరి.

మా వీధి మలుపులో బట్టల కొట్టు తగలబెట్టారు. దానికెదురుగా ఉన్న పోస్టు డబ్బా మసిపట్టిపోయి నిలబడి ఉంది. గుంపులు తిరుగుతున్నాయి. ఒంటరిగా ఎవరైనా కనిపిస్తే చుట్టూ మూగి, ఎవరు నువ్వు, ఎక్కడుంటావు, ఎవరి తాలూకు అని అడుగుతారట. టక్కున జవాబు చెప్పినవాణ్ణి పొమ్మంటారట. తడబడ్డవాణ్ణి మాత్రం వదలరట. పక్కవీధిలో పాలుపోసే మనిషి నోరు పెగలక నిలబడిపోయాడని చావగొట్టారు. ఇంకా కళ్ళు తెరవలేదంటున్నారు.

లైబ్రరీ మూసేశారు. నా సూదులు, దారం, జిగురు గిన్నె, కుట్టాల్సిన పుస్తకాలు కొన్ని ఇంటికి తెచ్చుకున్నాను. వాటిలో ఏముందనుకున్నావు? నీ సత్రం నవల! ఏళ్ళ తరబడి కాలేజీలో నువ్వు పాఠం చెప్పిన అదే పుస్తకం. వీపు విరిగిపోయింది పాపం, నీ పాఠాల బరువుకే విరిగి ఉంటుంది. విప్పి మళ్ళీ కుడుతున్నాను.

ఇక మా మేడ సంగతి. గేటుకి పెద్ద తాళం వేశారు. దాని తాళంచెవి ఒక్కటే, అది రెండో అంతస్తు జడ్జిగారి దగ్గరుంటుంది. రిటైరయ్యారు కానీ ఆ గొంతు ఇంకా రిటైరవలేదు. ఎండెక్కాక ఆయన గేటు తీస్తే అందరం గుంపుగా రొట్టెల కొట్టుదాకా వెళ్ళి గుంపుగా తిరిగొస్తాం. మలుపు వైపు ఎవరూ వెళ్ళకూడదు. సాయంత్రం మెట్లమీద మీటింగు. మీటింగంటే ఏమీ లేదు, అందరూ ఒకేసారి అరవడం. నిన్న నీళ్ళ ట్యాంకు గురించి పళ్ళ డాక్టరమ్మకీ జడ్జిగారికీ మొదలై ఇద్దరి తాతలదాకా వెళ్ళింది.

కిందింట్లో ఉండే తాళాలాయన ఒక్కరే నోరు విప్పరు. నా తలుపు బిగుసుకుపోతే వచ్చి బాగుచేశారని రాశానే, ఆయన. నత్తి. మొదటి అక్షరం దగ్గరే మాట ఆగిపోతుంది. నా గదిలో మాత్రం బాగానే మాట్లాడతారు. నేను కుట్టుకుంటూ తలెత్తను కదా, అదే కారణమంటారు. మొహంలోకి చూసేవాళ్ళుంటే మాట గొంతులో ఇరుక్కుంటుందట.

అరుపులు వినీ వినీ నా తల దిమ్మెక్కిపోయింది. నీ చెవులు కొన్నాళ్ళు అప్పివ్వకూడదూ?

నీ చెల్లి


వరండా, వాలుకుర్చీ
ఉత్తరం అందిన పూటే

పిచ్చితల్లీ,

నీ ఉత్తరం మీ వదిన గట్టిగా చదవబోతే లాక్కున్నాను. వీధి వీధంతా వినాలా ఏమిటి? తర్వాత ఆవిడే వంటింట్లో కూర్చుని కళ్ళు తుడుచుకుంది. నేను చూడనట్టు నటించాను.

నా పాఠాల బరువుకి పుస్తకం వీపు విరిగిందా? ఎంత మాటన్నావే! సరే, ఆ బరువులోంచే నీకొక ఉపాయం చెబుతాను, విను.

ఆ నవలలో ఏం జరిగింది? కొండదారిలో ప్రయాణికులు మంచుకి చిక్కి సత్రంలో ఇరుక్కుపోతారు. బయట తోడేళ్ళ అరుపులు. లోపల పొయ్యి, వరసగా సర్దిన బల్ల, గోడకి ఒక గంట. భయంతో అందరూ ఒకరిమీద ఒకరు అరుచుకుంటుంటే ముసలి ప్రయాణికుడు ఆ గంట తీసి, ఇది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, తక్కినవాళ్ళు వినాలి అంటాడు. అంతే, మృగాల్లా ఉన్నవాళ్ళు మనుషులవుతారు. ఆ క్రమశిక్షణలో ఇమడలేని బండివాడొకడు చివరికి మంచులోకి పోయి తోడేళ్ళ పాలవుతాడు. ప్రశ్న: గంట దేనికి సంకేతం? జవాబు: నాగరికతకు. తోడేలు దేనికి సంకేతం? ఆటవికతకు. ఈ రెండు వాక్యాలు రాసినవాణ్ణి నేనెన్నడూ ఫెయిల్ చెయ్యలేదు.

కాబట్టి మీ మేడకీ ఒక గంట కావాలి. పిల్లి మెడలో గంట ఎవరు కడతారని నన్నడక్కు, నువ్వే కట్టు. ఆ జడ్జిగారికి చెప్పు, ఇట్టే ఒప్పుకుంటారు. కోర్టుమనిషి కదా, వంతులంటే ఆయనకి ప్రాణం.

ఒక్క మాట మాత్రం మరిచిపోకు. ఉత్తరాలు ఆపకు. నీ దగ్గర్నుంచి ఉత్తరం రాని రోజు ముద్ద దిగదు నాకు. ఏం తంటాలు పడతావో, ఎలా వేస్తావో నీ ఇష్టం, వెయ్యి.

అన్నయ్య


మేడమీద గది
వాన వెలిశాక

అన్నయ్యా,

నీకు శాలువా కప్పాలి! గంట పెట్టాం.

పళ్ళ డాక్టరమ్మ క్లినిక్కులో రోగుల్ని పిలవడానికి ఒక ఇత్తడి గంట ఉండేది. దాన్నే తెచ్చి మెట్ల కమ్మీకి కట్టారు. సాయంత్రం జడ్జిగారు దాన్ని విప్పి ఒకసారి మోగిస్తారు. అది వరసగా చేతులు మారుతుంది. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, మధ్యలో ఎవరూ అందుకోకూడదు. మొదటిరోజు నీళ్ళ ట్యాంకు గొడవ ఎంత హాయిగా తేలిపోయిందో! డాక్టరమ్మ నా భుజం తట్టి, మీ అన్నయ్యగారికి మా అందరి నమస్కారాలు రాయండి అంది. రాశాను, అందుకో.

ఒక్క తాళాలాయనకే కష్టంగా ఉంది. గంట ఆయన చేతికి రాగానే అందరూ మర్యాదగా ఆయన మొహంలోకే చూస్తారు. ఎంత మర్యాదగా చూస్తే అంతగా ఆయన మాట బిగుసుకుపోతుంది. నిన్న నేనే ఉండబట్టలేక, "ఆయన చెప్పేది గేటు గురించండీ" అన్నాను. జడ్జిగారు నవ్వుతూ, "గంట మీ దగ్గర లేదు కదమ్మా" అన్నారు. నిజమే కదా. ఊరుకున్నాను. చెప్పబోయిన మాట చెప్పకుండానే తాళాలాయన గంట పక్కవాళ్ళకిచ్చేశారు.

ఇంకో సంగతి. మొన్న పొద్దున గేటు తాళం వేలాడుతూ కనిపించింది. రాత్రి జడ్జిగారు స్వయంగా వేసిన తాళం. మేడంతా ఒకటే వణుకు. లోపల ఎవరైనా దూరి ఉన్నారేమోనని మంచాల కింద, ట్యాంకులో కూడా వెతికారు. మీటింగులో గంట పట్టుకున్న ప్రతివాళ్ళూ ఒకటే అడిగారు, ఎవరు తీశారు అని. నాకు అరచేతులు చెమటలు పట్టాయి. ఎందుకో మరి, భయమంటే అంతే కదా.

నవల సగం కుట్టాను. నీ బండివాడి అధ్యాయాల దగ్గర కాగితం పెళుసెక్కిపోయింది. జాగ్రత్తగా పట్టుకోవాలి.

చెల్లి


వరండా
మబ్బుగా ఉంది

చెల్లీ,

మీ డాక్టరమ్మ నమస్కారాలు అందాయి. మీ వదిన ముందు రెండుసార్లు చదివి వినిపించాను. "మీ గంట మన ఇంట్లో కూడా కడితే నాకూ ఓ వంతు వస్తుంది" అంది. నేను పట్టించుకోలేదు.

చూశావా, పుస్తకాలు ఊరికే చదవం. ఇన్నేళ్ళూ చెప్పిన పాఠం ఒక మేడని నిలబెట్టిందంటే ఒళ్ళు పులకరించింది.

కానీ ఆ గేటు సంగతి నాకు నచ్చలేదు. నిద్ర పట్టడంలేదు. తెలివిగా ఆలోచించు. ఒకే ఒక్క తాళంచెవి జడ్జిగారి దగ్గరుంటే, ఇంకో తాళంచెవి లేకుండా ఆ తాళం తియ్యగలవాడు మేడలో ఎవరు? నోరు తెరవని మనిషిని నమ్మడం కష్టం, అమ్మాయ్. నత్తి అంటున్నావు. నీ దగ్గర లేని నత్తి నలుగురిలో ఎందుకొస్తుంది? నేను ఎవరిమీదా నింద వెయ్యను. ఓ కన్నేసి ఉంచమంటున్నాను, అంతే. తోడేలు ఎప్పుడూ తలుపు సందులోంచే వస్తుంది.

ఉత్తరం వెయ్యి. వెంటనే వెయ్యి.

అన్నయ్య


మేడమీద గది
మీటింగు అయ్యాక

అన్నయ్యా,

ఓ కన్నేసి ఉంచమన్నావుగా. మేడంతా వేసింది. నీకు తృప్తేనా?

ఇవాళ పొద్దున మళ్ళీ గేటు తెరిచి ఉంది. ఈసారి వాకిట్లో నడుద్దామని జడ్జిగారు పెందరాళే దిగి, తానే చూశారు. కేకేస్తే అందరూ పోగయ్యారు. సాయంత్రం గంట మోగింది.

అరుపుల్లేవు అన్నయ్యా. ఒక్కరు కూడా గొంతు పెంచలేదు. జడ్జిగారు, "మనం ఎవరినీ అనుమానించడంలేదు, కేవలం ఆలోచిస్తున్నాం" అన్నారు. డాక్టరమ్మ, "తాళం విరగలేదు, గీత కూడా పడలేదు. తీసింది పనితెలిసిన చెయ్యి" అంది. ఆయన పేరెత్తలేదు. తర్వాత గంట పట్టుకున్నవాళ్ళు కూడా ఎత్తలేదు. అందరూ ఎంతో మర్యాదగా నేలచూపులు చూస్తూ ఆయన వైపే మాట్లాడారు.

గంట ఆయన చేతికి వచ్చింది. పెదవులు కదిలాయి. మెడనరాలు ఉబ్బాయి. మాట రాలేదు. మొహం తిప్పి నా వైపు చూశారు. నేను ఆయన కళ్ళలోకి చూడలేక నా చెప్పులు చూసుకున్నాను. ఆయన నెమ్మదిగా గంట నా చేతిలో పెట్టారు. తర్వాత వంతు నాదే.

అందరూ నా మొహంలోకి చూస్తున్నారు. ఎంత బరువుందనుకున్నావు ఆ గంట! "నేను చెప్పేదేమీ లేదు" అని పక్కవాళ్ళకిచ్చేశాను.

తీర్మానం ఏమిటంటే, ఆదివారం సాయంత్రంలోగా ఆయన మేడ ఖాళీ చెయ్యాలి. సామాను సర్దడానికి మనుషులు సాయం చేస్తారట. డాక్టరమ్మ దారికి రొట్టెలు కట్టిస్తుందట. ఇంత చేస్తున్నాం చూశావా అన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు. పైన పటారం లోన లొటారం అంటే ఇదే. బయట గుంపులున్నాయి అన్నయ్యా! "ఎవరు నువ్వు" అని అడుగుతాయి. తన పేరు తను చెప్పుకోవడానికి ఆయనకి ఎంతసేపు పడుతుందో మేడలో అందరికీ తెలుసు. తెలిసే చేతులెత్తారు. నేనూ ఎత్తాను.

పైకొచ్చి ఏం చెయ్యాలో తోచక కుట్టుపని ముందేసుకున్నాను. నవల చివరి అధ్యాయాలు కుడుతూ ప్రతి పేజీ చదివాను. నువ్వు పిల్లలకి తప్పు చెప్పావు. బండివాడు మంచులోకి పోలేదు. పంపించారు. గంట పద్ధతిగా చేతులు మారింది, అందరూ వంతులవారీగా మాట్లాడారు, ముసలి ప్రయాణికుడు తన కోటు విప్పి బండివాడి భుజాలమీద కప్పి మరీ తలుపు తీశాడు. ఇంకో సంగతి చెప్పనా? మొదటినుంచి చివరిదాకా వెతికాను. అరుపులున్నాయి కానీ తోడేలు ఒక్క పేజీలో కూడా కనిపించదు. అసలు తోడేలు ఎక్కడుంది అన్నయ్యా ఆ పుస్తకంలో?

చెల్లి


వంటిల్లు, తలుపు వేసుకుని రాస్తున్నాను
గురువారం

చెల్లీ,

ఇది చదవగానే పొయ్యిలో పడెయ్యి.

నీ ఉత్తరాలన్నీ బల్లమీద పరుచుకుని కూర్చున్నాను. గేటు పగలు ఎవరికీ ఒంటరిగా తియ్యరన్నావు. గుంపుగా రొట్టెల కొట్టుకే వెళ్తారన్నావు. మలుపువైపు ఎవరూ వెళ్ళకూడదన్నావు. పోస్టు డబ్బా ఆ మలుపులోనే ఉందన్నావు. మరి ఈ ఉత్తరాలు నా దగ్గరికి ఎలా వచ్చాయి? ఎగిరొచ్చాయా?

నువ్వే వెళ్ళావు. తెల్లవారకముందే గేటు తీసుకుని నువ్వే వెళ్ళావు. నీకు తాళంచెవి ఎవరిచ్చి ఉంటారో కూడా నాకర్థమైంది. ఏం తంటాలు పడతావో వెయ్యి అని నీ వెంటపడింది నేను.

ఇప్పుడు చెప్పేది బుద్ధిగా విను. నోరు విప్పకు. ఆ తాళంచెవి తూములో పారెయ్. ఇకమీదట నాకు ఉత్తరం రాయకు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకానివి నువ్వు, మీటింగులో ఎవరి కళ్ళలోకీ చూడకు. ఆదివారం గడవనీ. ఆయన మగవాడు, ఎటో ఒకవైపు పోతాడు. నువ్వు నిజం చెబితే ఆ గేటు బయట ఉండేది నువ్వు. నిన్ను గుంపులు చుట్టుముడితే నేనేం చెయ్యగలను? నడవలేను, కేక వేసినా వినపడదు.

తోడేలు ఎక్కడుందని అడిగావు. నాకు తెలియదు. ఇన్నేళ్ళూ తెలుసనుకున్నాను. నాకిప్పుడు గంటా వద్దు, నవలా వద్దు, నా చెల్లి కావాలి. ఆయన పోతే పోనీ. ఈ మాట రాస్తున్న చెయ్యి నాదేనా అని నాకే భయమేస్తోంది. అయినా కొట్టెయ్యను.

ఉత్తరం రాకపోతే నువ్వు క్షేమమని అనుకుంటాను.

అన్నయ్య


మేడమీద గది
శనివారం

అన్నయ్యా,

పొయ్యిలో పడేశాను. కానీ ముందు మూడుసార్లు చదివాను.

అవును, నేనే. దాచినందుకు తిట్టు, పడతాను. గేటుకి తాళం వేసిన మొదటివారంలోనే ఆయన నాకు తాళంచెవి చేసిచ్చారు. నీకు చెవులు వినపడవని, ఉత్తరం తప్ప వేరే దారి లేదని ఎప్పుడో చెప్పాను. అడక్కుండానే తెచ్చి జిగురు గిన్నె పక్కన పెట్టి, "మీ అన్నయ్యగారు ఎదురుచూస్తుంటారు" అన్నారు. నత్తి లేకుండా అన్నారు.

మొదటిసారి గేటు తెరిచి ఉన్న రోజు, మలుపులో మనుషుల అలికిడి విని పరుగెత్తుకొచ్చి తాళం నొక్కడం మరిచిపోయాను. రెండోసారి నీకు కార్డు ముక్క వేసి నేనింకా తిరిగి రాకముందే జడ్జిగారు దిగారు. అందరూ గేటు దగ్గర పోగై అరుస్తుంటే, చెప్పులు చేత్తో పట్టుకుని వెనకనుంచి దూరి, పైనుంచి దిగొచ్చినదానిలా నేను కూడా "అయ్యో" అన్నాను. ఆ అయ్యో తలుచుకుంటే నా గొంతు నేనే నులుముకోవాలనిపిస్తుంది.

మీటింగయిన మర్నాడు ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆకురాళ్ళు, చిన్న సుత్తి ఒక్కొక్కటే గుడ్డలో చుట్టుకుంటున్నారు. నేను వాకిలి వైపు తిరిగి కూర్చుని, నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను. "చె-చెబుదామనే అనుకున్నానమ్మా. మీ పేరు తేలిగ్గానే వస్తుంది నాకు, నోరు తెరిస్తే ముందు అదే వచ్చేస్తుంది. అందుకే నోరు మూసుకున్నాను" అన్నారు. నత్తి అడ్డుపడలేదు అన్నయ్యా. ఆయనే అడ్డుపెట్టుకున్నారు.

నీమీద కోపం లేదు. నీకు నామీద ఉన్నది ప్రేమే. జడ్జిగారికి మనవలమీద ఉన్నదీ ప్రేమే. డాక్టరమ్మకి మంచాన ఉన్న తల్లిమీద ఉన్నదీ అదే. ఆ ప్రేమలన్నీ కలిసి ఆయన్ని గేటు దాటిస్తున్నాయి. తోడేలు కోసం పుస్తకమంతా వెతికాను కదా. నేనెత్తిన చెయ్యి గుర్తొచ్చాక ఇంక వెతకడం మానేశాను.

నాకు చచ్చేంత భయంగా ఉంది. ముందు నుయ్యి వెనక గొయ్యి. అయినా రేపు తెల్లవారగానే గేటు బార్లా తీసి, ఈ ఉత్తరం డబ్బాలో వేసి, తిరిగొచ్చి, తెరిచిన గేటు మధ్యలో నిలబడి గంట మోగిస్తాను. అందరూ దిగివచ్చి చూస్తారు. ఈసారి చెప్పులు కాళ్ళకే ఉంటాయి. గంట నా చేతిలో ఉంటుంది కాబట్టి మధ్యలో ఎవరూ ఆపడానికి వీల్లేదు. నీ పాఠం అంతవరకు పనికొస్తుంది.

నీ అడ్రసు రాసి, స్టాంపు అంటించిన కవరొకటి ఆయన దగ్గర ఉంచాను.

నవల కుట్టడం పూర్తయింది. వీపు గట్టిగా కూర్చాను, ఇంకో తరందాకా విరగదు. వదినకి చెప్పు, ఏడవద్దని. ఈ ఉత్తరం నీకు అందిందంటే గేటు తెరిచానన్నమాట.

నీ చెల్లి


కిందిల్లు, పనిబల్ల
మంగళవారం

బైండింగు అమ్మగారి అన్నయ్యగారికి,

నేను తాళాలు బాగుచేసేవాణ్ణి. మీ చెల్లెలుగారు నా సంగతి రాసే ఉంటారు. రాసేటప్పుడు నాకు నత్తి ఉండదు. అందుకని కాస్త ఎక్కువ రాస్తానేమో, ఏమనుకోకండి.

ఆదివారం పొద్దున ఆవిడ గంట మోగించారు. మేడంతా దిగింది. గేటు రెండు రెక్కలూ తెరిచి, నడుమ నిలబడి, తాళంచెవి అందరికీ చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పారు. ఎక్కడా ఆగలేదు. చివర్న, "తాళాలాయన తప్పేమీ లేదు, నా కోసం నోరు మూసుకున్నారు" అన్నారు.

జడ్జిగారు ఆవిడకి చేతులు జోడించారు. నిజం చెప్పినందుకు మేడ తరఫున కృతజ్ఞతలన్నారు. డాక్టరమ్మగారు పరుగున వెళ్ళి నాకు కుర్చీ తెచ్చి వేశారు, నన్ను క్షమించమని అడిగారు. నేను నిజంగా సంతోషించానండి. అంతా అయిపోయిందనుకున్నాను.

అప్పుడు జడ్జిగారు, "ఇక తీర్మానం సంగతి చూద్దాం" అన్నారు. ఏ తీర్మానమా అనుకున్నాను. గేటు తీసినవాళ్ళు ఆదివారం సాయంత్రంలోగా ఖాళీ చెయ్యాలన్నదే తీర్మానమట. మనిషి మారినా తీర్మానం మారదట. గంట వరసగా తిరిగింది. ఒక్కొక్కరూ ఆవిణ్ణి ఎంతగా మెచ్చుకున్నారో మీరు వింటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. మెచ్చుకుని, పంపక తప్పదన్నారు.

గంట నా చేతికి వచ్చింది. ఆవిడ లేచి నాకు వీపు పెట్టి నిలబడ్డారు. "మీరు కూడా తల తిప్పుకోండి, ఆయన మాట్లాడతారు" అని అందర్నీ బతిమాలారు. ఎవరూ తిప్పలేదు. నేను "పంపకండి" అన్నాను. ఆ ఒక్క మాటకి నా చొక్కా తడిసిపోయింది. ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది. "విన్నామండీ" అని జడ్జిగారు నా చేతిలోంచి గంట మెల్లగా తీసుకున్నారు.

సాయంత్రం ఆవిడ వెళ్ళారు. సూదుల సంచీ, కొత్తగా కుట్టిన ఆ పుస్తకం, డాక్టరమ్మగారు కట్టించిన రొట్టెలు. నేను తోడొస్తానంటే ఒప్పుకోలేదు. "మిమ్మల్ని ఆపితే చిక్కు. నన్నాపితే టక్కున చెబుతాను, ఫలానా మాస్టారి చెల్లెల్నని" అన్నారు. నవ్వబోయారు కానీ నవ్వు రాలేదు. మలుపు తిరిగేదాకా చూశాను. మలుపు అవతల కేకలు వినిపించాయి. అవి ఎవరివో, ఎవర్ని చూసి వేశారో నాకు తెలియదు. గేటు లోపలనుంచి కనిపించదు. తెలుసుకుందామని గేటు దగ్గరికి వెళ్తే నలుగురూ నా భుజాలు పట్టుకుని, మీ మేలు కోసమేనంటూ లోపలికి తీసుకొచ్చారు.

నిన్న జడ్జిగారు వచ్చి కొత్త తాళం చెయ్యమన్నారు. ఎవరూ నకలు తియ్యలేనిదై ఉండాలట. మీలాంటి పనిమంతులు మేడలో ఉండటం మా అదృష్టం అన్నారు. చేశాను. మంచి తాళం, నేను చేసినవాటిల్లో ఇంత గట్టిది లేదు. ఇప్పుడు మేడ చాలా ప్రశాంతంగా ఉంది. మెట్లమీద ఎదురైతే అందరూ పక్కకి తప్పుకుని నాకు దారిస్తున్నారు. వాళ్ళు దారిస్తుంటే నేను తల వంచుకుని గోడవారగా దిగిపోతున్నానండి.

తాళంచెవులు రెండు చేశాను. ఒకటి జడ్జిగారికిచ్చాను. రెండోదాన్ని, రేపు దానితో గేటు తీశాక, గుడ్డముక్కలో చుట్టి ఈ కవరులో పెడతాను. మీ చెల్లెలుగారు అక్కడికి చేరి ఉంటే ఆవిడకివ్వండి, ఆవిడ గది తలుపు నేను రోజూ తుడుస్తున్నానని చెప్పండి. చేరకపోతే ఒక్క ముక్క రాయండి. ఉత్తరాలు గేటు ఊచల సందులోంచి లోపలికి వేస్తారు, అందుతుంది.

రేపు తెల్లవారగానే ఇది వెయ్యడానికి మలుపుదాకా వెళ్ళాలి. ఎవరైనా ఆపితే చెప్పడానికి ఇందాకటినుంచి గోడవైపు తిరిగి నా పేరు అనుకుంటున్నాను. పదింటిలో ఆరుసార్లు వస్తోంది. గేటు తీసే వెళ్తాను. తిరిగొచ్చినా మూయను.

ఇట్లు,
తాళాలాయన